ఏడు మిల్లీమీటర్ల ఒద్దిక

నా రాతబల్ల మీద నిలువునా సగానికి కోసిన తూటా ఒకటి ఉంటుంది. లోపల మందు లేదు, అడుగున మందుకు నిప్పంటించే ప్రైమర్ ఎప్పుడో పేలిపోయింది. ఎవరికీ ఏ హానీ చేయలేని లోహపు ముక్క. స్కాట్లాండ్‌లో ఇన్వర్నెస్ దగ్గర తుపాకులు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. కొత్తగా జింకల వేట నేర్చుకునేవాళ్లకు చూపించడానికని కాల్చేసిన కేసులకే మళ్లీ బుల్లెట్లు బిగించి, ఇలాంటివి అరడజను కోసి పెట్టుకున్నాడు. నేను మరీ ఆశగా చూశాను కాబోలు, "పట్టుకెళ్లండి, నేను ఇంకోటి కోసుకుంటాను" అన్నాడు. కోసిన ముఖాన్ని ఎమెరీ కాగితంతో అద్దంలా నునుపు చేశాడు. కిటికీ వెలుతురులో పెడితే మూడు రంగులు కనిపిస్తాయి: కేసుది పసుపు, బుల్లెట్ తొడుగుది రాగి ఎరుపు, దాని కడుపులో సీసపు బూడిద రంగు. పొడవు 78 మిల్లీమీటర్లు. అడుగున వెడల్పు 12.

ఆయన కొట్లో ఎప్పుడు చూసినా నలుగురు కూర్చుని ఒకటే వాదన: జింకకు ఏ క్యాలిబర్ మేలు? మనవాళ్లు ఆవకాయకు చిన్నరసమా, జలాలా, కొత్తపల్లి కొబ్బరా అని తగువులాడుకున్నట్టే. ఒకాయన .243 అంటాడు, ఇంకొకాయన .308 కంటే తక్కువైతే తాకనైనా తాకనంటాడు. బయటివాడికి అది అంకెల గొడవలా వినిపిస్తుంది. కానీ ఆ అంకెలను నమ్ముకుంటే మోసపోయినట్టే. .270 విన్చెస్టర్ బుల్లెట్ నిజంగా కొలిస్తే అంగుళంలో .277 వంతు ఉంటుంది. .30-30లో రెండో ముప్పై వెడల్పూ కాదు, పొడవూ కాదు. మొదట్లో అందులో పోసిన మందు బరువు. .30-06లో చివరి అంకెలు 1906వ సంవత్సరం.

నా బల్ల మీదున్న దానికైతే మూడు పేర్లు. యూరప్‌లో 7×57. లండన్‌లో .275. బుల్లెట్లు అమ్మే డబ్బా మీద .284. బ్యారెల్ లోపల మరమేకు మరల్లా మెలితిరిగిన గాళ్లుంటాయి. ఎత్తుగా ఉన్న గట్టు నుంచి ఎదుటి గట్టుకు కొలిస్తే 7 మిల్లీమీటర్లు, అంటే .275 అంగుళం. గాడి లోతు నుంచి ఎదుటి గాడి లోతుకు కొలిస్తే .284. కొలిచిన చోటు మారింది, అంతే. ఒకే పిల్లాణ్ని ఇంట్లో బుజ్జిగాడనీ బడిలో సత్యనారాయణమూర్తనీ పిలిచినట్టు. ఆ వెనక 57 ఏమిటంటే ఇత్తడి కేసు పొడవు, మిల్లీమీటర్లలో.

మన దగ్గర జింకకు ఏ క్యాలిబర్ అన్న చర్చకు తావు లేదు, ఉండకూడదు కూడా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకను వేటాడటం నేరం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, మచ్చల జింక తెలంగాణది. స్కాట్లాండ్ సంగతి వేరు. తోడేళ్లు అక్కడ ఏనాడో అంతరించాయి. ఎర్రజింకలను తినే మృగం మిగల్లేదు. నాటిన మొక్కను నాటినట్టే మేసేస్తాయి, చలికాలం చివర తిండి లేక కొండల మీదే చస్తాయి. అందుకని ఏటా లెక్క ప్రకారం కొన్నింటిని కొట్టడం అక్కడ భూమి చూసుకునేవాళ్ల పనిలో భాగం. మాంసం కసాయి దుకాణానికి వెళ్తుంది. నేను వేటగాణ్ని కాను, అవ్వాలనీ లేదు. నన్ను పట్టుకున్నది ఈ వస్తువు పనితనం.

దీని పుట్టుక అమాయకమైందేమీ కాదు. జర్మనీలో నెకార్ నది ఒడ్డున ఓబెర్న్‌డోర్ఫ్ అనే ఊళ్లో పాల్ మౌజర్ కార్ఖానాలో 1892 ప్రాంతంలో పుట్టింది, సైనికుల కోసం. మరుసటి ఏడు స్పెయిన్ సైన్యం తీసుకుంది. దక్షిణాఫ్రికాలో 1899 నుంచి 1902 దాకా జరిగిన యుద్ధంలో బోయర్ రైతుల చేతుల్లో ఉన్నది ఇదే. దీని గొప్పతనాన్ని బ్రిటిష్ సైనికులు తెలుసుకున్నది ఎదురుగా నిలబడి. 1907లో లండన్‌లోని జాన్ రిగ్బీ కంపెనీ బరువైన సైనిక బుల్లెట్ తీసేసి, మొన తేలిన 140 గ్రెయిన్ల తేలిక బుల్లెట్ పెట్టి .275 రిగ్బీ అని పేరు మార్చింది. మిల్లీమీటర్ల పేరుతో అమ్మితే దొరలకు రుచించదనుకున్నారేమో. స్కాట్లాండ్ హైలాండ్స్‌లో జింకల వేటకు వెళ్లేవాళ్లకు అది ఎంత నచ్చిందంటే, వందేళ్లు దాటినా ఆ పేరు పోలేదు. అదే ఏడాది, 436 మందిని పొట్టన పెట్టుకుందని చెప్పే చంపావత్ పులిని జిమ్ కార్బెట్ కుమావూ కొండల్లో చంపాడు. అందుకు బహుమానంగా ఆయనకిచ్చింది ఇదే క్యాలిబర్ రిగ్బీ రైఫిల్. ఆయన పుస్తకాల్లో మాటిమాటికీ కనిపించే తేలిక తుపాకి అదే.

ఇక కోసిన ముఖం దగ్గరికి వద్దాం.

కేసు ఇత్తడిది. నూటికి డెబ్బై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు తుత్తునాగం. అది గొట్టాన్ని ముక్కలుగా కోసి చేసింది కాదు. గుండ్రటి మందపాటి బిళ్లతో మొదలవుతుంది. దాన్ని అచ్చులో పెట్టి గుద్దితే గిన్నె అవుతుంది. ఆ గిన్నెను ఇంకాస్త ఇరుకు అచ్చులోకి నెడితే లోటా, మళ్లీ నెడితే గొట్టం. ఒక్కో దెబ్బకు ఇత్తడి గట్టిపడుతుంది. ఆగకుండా అలాగే నెడితే చిట్లిపోతుంది. అందుకే నడుమ నడుమ కాల్చి మెత్తబరచాలి. పెంబర్తిలో రేకు పనివాళ్లను అడిగినా ఇదే చెబుతారు: కొట్టు, కాల్చు, చల్లార్చు, మళ్లీ కొట్టు. చివరికి అడుగును అచ్చేసి, పైభాగాన్ని నొక్కి భుజాలు తీరుస్తారు, మెడ సన్నం చేస్తారు.

కోసిన ముక్కలో ఆ చరిత్రంతా మందంలో రాసి ఉంది. అడుగు దిమ్మలా నిండుగా ఉంది, ప్రైమర్ కూర్చునే గుంట, మధ్యలో నిప్పురవ్వ వెళ్లే సన్నటి రంధ్రం మినహా. అక్కణ్నుంచి గోడ పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. ఎక్కడ తగ్గిందో వేలుపెట్టి చూపించలేం. మెడ దగ్గరికి వచ్చేసరికి మందం అర మిల్లీమీటరు కూడా లేదు. మందం ఒక్కటే కాదు, గుణం కూడా మారుతుంది. అడుగు గట్టిది, మెడ మెత్తనిది. ఒకే బిళ్లలోంచి వచ్చిన లోహం ఒక చివర దిమ్మలా, ఇంకో చివర తోలులా ప్రవర్తించాలి. భుజం మీద, మెడ చుట్టూ నీలి, గోధుమ రంగులు కలిసిన చార ఒకటి కనిపిస్తుంది. కొత్తవాళ్లు మరకేమోనని తుడుస్తారట. అది చివర్లో మెడను మాత్రమే మంట మీద తిప్పి మెత్తబరచిన గుర్తు. కొందరు తయారీదారులు మెరుగుపెట్టి చెరిపేస్తారు, కొందరు చేసినట్టు రుజువుగా అలాగే వదిలేస్తారు. నాకు ఆ వదిలేసేవాళ్లే నచ్చుతారు.

ఆ కాల్చడం విలువ లోకానికి తెలిసింది మన దేశపు వానల్లో. బ్రిటిష్ ఇండియాలో వర్షాకాలం సైన్యం కదలికలు తగ్గేవి. తూటాల పెట్టెలు గుర్రపు సాలల్లో పడి ఉండేవి. వానలు వెలిసి తీసి చూస్తే మంచి ఇత్తడి కేసులు వాటంతట అవే బీటలు వారి ఉండేవి. తుప్పు లేదు, దెబ్బ లేదు. ఏళ్ల తరబడి కారణం అంతుపట్టలేదు. వానాకాలంలోనే వస్తోందని దానికి 'కాలపు బీట' అన్నట్టుగా పేరు పెట్టి ఊరుకున్నారు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ముడి విప్పారు. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా ఒక కారణం. అది ఒక్కటే అయితే ఇత్తడి తట్టుకునేది. అచ్చుల్లో నెట్టినప్పుడు లోహంలో బిగుసుకుపోయిన ఒత్తిడి లోపలే మిగిలి ఉంది. అమ్మోనియా తగలగానే ఆ ఒత్తిడి దారి వెతుక్కుంది. విరుగుడు సులువైనది: చివర్లో ఇంకోసారి సన్నటి సెగ చూపించి ఆ బిగువు వదిలించడం. నా తూటా మెడ మీది నీలి చార చూసినప్పుడల్లా నాకు ఆ గుర్రపు సాల, కప్పు మీద వాన చప్పుడు గుర్తొస్తాయి.

ఇంతకీ ఈ మెత్తదనం, గట్టిదనం ఎందుకు? తూటా పేలినప్పుడు లోపల ఒత్తిడి 3,900 బార్ల దాకా వెళ్లవచ్చు. మనం పీల్చే గాలి ఒత్తిడికి 3,800 రెట్ల పైమాటే. ఆ క్షణంలో పలచటి మెడ ఉబ్బి తూటా కూర్చునే తుపాకి గదికి అంటుకుపోయి, వేడి వాయువు ఒక్క రవ్వ కూడా వెనక్కి, కాల్చేవాడి మొహం మీదికి రాకుండా బిరడా బిగిస్తుంది. బుల్లెట్ వెళ్లిపోయి ఒత్తిడి తగ్గగానే ఇత్తడి వెంట్రుకవాసి వెనక్కి ముడుచుకుంటుంది, లేకపోతే ఆ కేసు బయటికి రాదు. ఉక్కు అంత చక్కగా ముడుచుకోదు, వట్టి రాగి అసలే ముడుచుకోదు. అర మిల్లీమీటరు రేకు, సెకనులో వెయ్యో వంతు కాలంలో మొదట తలుపు వేసి, ఆ వెంటనే గడియ తీస్తుంది.

అడుగున ఆ 12 మిల్లీమీటర్ల అంచు చుట్టూ ఒక గాడి ఉంది. ఈ కొలత 1888 నాటి జర్మన్ సైనిక తూటాది. తర్వాత అమెరికా .30-06కు ఇదే అంచు, .270కి ఇదే, .308కీ .243కీ ఇదే. 2007లో వచ్చి ఇప్పుడు కుర్రకారంతా ఎగబడుతున్న 6.5 క్రీడ్‌మూర్‌కు కూడా ఇదే. కొట్లో ఒకరినొకరు వెక్కిరించుకునే నలుగురూ నూట ముప్పై ఏళ్ల నాటి ఒకే పీట మీద కూర్చున్నవాళ్లని ముసలాయన నవ్వుతాడు.

మౌజర్ రైఫిల్ ఆ అంచును పట్టుకునే తీరు చూడాలి. బోల్టు పక్కన పొడవాటి ఉక్కు పంజా ఉంటుంది. తూటా మ్యాగజైన్‌లోంచి పైకి లేస్తుండగానే దాని అంచు పంజా కిందికి జారుతుంది. ఇక లోపలికి వెళ్లి, పేలి, ఖాళీ కేసు బయట పడేదాకా పంజా దాన్ని వదలదు. తుపాకిని తలకిందులుగా పట్టుకుని బోల్టు ఆడించినా తూటా జారిపడదు. ఇక మ్యాగజైన్ పెట్టె. తూటాలు అందులో ఎడమ, కుడి అని రెండు వరుసల్లో ఒకదాని సందులో ఒకటి కూర్చుంటాయి. ఆనుకుని ఉన్న ఏ మూడింటి కేంద్రాలు కలిపినా సమబాహు త్రిభుజం రావాలి. 12 మిల్లీమీటర్ల అడుగుకు లెక్క కడితే పెట్టె వెడల్పు 22.4. కొంచెం వెడల్పైతే తూటాలు ఒకదాని పక్కకు ఒకటి దిగబడి ఇరుక్కుంటాయి. కొంచెం ఇరుకైతే నిలువునా పేరుకుని కదలవు. తూటా ముందుకు పోయేకొద్దీ సన్నమవుతుంది కాబట్టి పెట్టె కూడా అంతే సన్నం కావాలి. మౌజర్ కార్ఖానాలో ఏ క్యాలిబర్‌కు ఆ పెట్టె విడిగా చేసేవాళ్లు. ఒకే పెట్టెలో అన్నీ కుక్కి అమ్మిన వాళ్ల రైఫిళ్లు పదిసార్లలో ఒకసారి ఎందుకు మొరాయిస్తాయో అప్పుడు అర్థమవుతుంది.

బుల్లెట్ దగ్గరికి వస్తే తూకం గ్రెయిన్లలో. బార్లీ గింజ పేరు మీద వచ్చిన పాత కొలత అది. మనకు కొత్తదేమీ కాదు. మన కంసాలి 11.66 గ్రాముల పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. .30-06లో జనం ఎక్కువగా వాడే 180 గ్రెయిన్ల బుల్లెట్ అంటే అణా పైసలతో సహా ఒక తులం. రిగ్బీ వాడిన 140 గ్రెయిన్లు ముప్పావు తులానికి కాస్త పైన, 9.07 గ్రాములు. తేలికే, కానీ సన్నగా పొడుగ్గా ఉంటుంది. పొడవాటి బుల్లెట్ గాల్లో తలకిందులు కాకుండా ఉండాలంటే బొంగరంలా తిరగాలి. అందుకే బ్యారెల్ గాళ్లు 220 మిల్లీమీటర్లకు ఒక చుట్టు చొప్పున మెలిక తిప్పి ఉంటాయి. సెకనుకు 2,660 అడుగుల వేగంతో బయటపడే బుల్లెట్ అదే సెకనులో 3,600కు పైగా చుట్లు తిరుగుతూ పోతుంది.

సన్నగా, పొడుగ్గా, బరువుగా ఉన్నది లోతుకు దిగుతుంది. మేకుకూ గోళీకీ ఉన్న తేడా. కార్బెట్ కాలంలోనే బెల్ అనే స్కాట్లాండ్ వేటగాడు ఆఫ్రికాలో ఈ చిన్న తూటాతో వందల ఏనుగులను పడగొట్టాడు. ఆ లెక్క చదివితే మనసు చివుక్కుమంటుంది, పైగా అది అందరూ చేయదగ్గదీ కాదు. ఆయన వాడినవి విచ్చుకోని గట్టి బుల్లెట్లు. జింకకు అవి పనికిరావు. సూదిలా దూసుకుపోతాయి, జంతువు గంటల తరబడి బాధపడుతుంది. జింకకు కావలసింది లోపలికి వెళ్లాక విచ్చుకునే బుల్లెట్. నా సగం ముక్కలో ఆ ఏర్పాటు కనిపిస్తుంది: మొన దగ్గర సీసం బయటికి తొంగిచూస్తోంది, రాగి తొడుగు అక్కడ పలచన, కిందికి వచ్చేకొద్దీ మందం. ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకోవాలి, వెనక భాగం చెదరకుండా దాన్ని నెట్టుకుపోవాలి. మరీ వేగంగా తగిలితే ముందే పగిలిపోతుంది, నెమ్మదిగా తగిలితే అసలు విచ్చుకోదు. కేసులో పట్టే మందు, బుల్లెట్ బరువు, తొడుగు మందం, ఈ మూడూ ఒక మాట మీద ఉండాలి.

చట్టం కూడా అంకెల్లోనే మాట్లాడుతుంది. స్కాట్లాండ్‌లో 1985 ఉత్తర్వు ప్రకారం ఎర్రజింకకు కనీసం 100 గ్రెయిన్ల బుల్లెట్, 2,450 అడుగుల వేగం, 1,750 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలి. సీసం లేని తేలిక బుల్లెట్లకు వీలుగా 2023లో బరువు హద్దును 80కి దించారు. ఇంగ్లండ్‌లో క్యాలిబర్ .240కి తగ్గకూడదు, శక్తి 1,700. మన తూటా దాదాపు 2,200. అంటే హద్దు దాటి, దానికి మించి ఎగరకుండా నిలబడింది.

మరి ఇంకా పెద్దది ఎందుకు వద్దు? ఈ ప్రశ్నకు ముసలాయన జవాబు భుజం తడుముకోవడం. ఒకే బరువున్న రైఫిళ్లలో .300 విన్చెస్టర్ మాగ్నమ్ దీనికి రెట్టింపు తంతుంది. పది తూటాలు కాల్చాక ఎంతటివాడికైనా కన్ను ముందే మూసుకుంటుంది, భుజం ముందే బిగుస్తుంది, ట్రిగ్గర్ మీద వేలు ఉలిక్కిపడుతుంది. గురి ఒక జానెడు పక్కకు పోతే జింక కడుపులో గాయంతో కొండ దాటిపోతుంది. అప్పుడు ఎంత పెద్ద క్యాలిబరూ అక్కరకు రాదు. చాలినంత ఉండి, కాల్చేవాణ్ని భయపెట్టనిదే తగిన క్యాలిబర్ అని ఆయన లెక్క. నాకు అది సబబుగానే తోచింది.

దీనికి లోపాలు లేవా అంటే ఉన్నాయి. పాత బలహీనపు తుపాకులు ఇంకా ఎక్కడో మిగిలి ఉంటాయన్న జంకుతో అమెరికాలో దీన్ని మెతగ్గా నింపుతారు. ఇప్పటి పొట్టి మ్యాగజైన్లలో పట్టదు. నాలుగు వందల మీటర్ల దూరంలో, గాలి వీస్తుంటే, క్రీడ్‌మూర్ ముందు ఇది తేలిపోతుంది. ఆ కొట్లోనే .308 డబ్బాలు గోడంతా ఉంటే 7×57వి మూలన రెండే. కానీ నాలుగు వందల మీటర్ల నుంచి జింకను కొట్టాల్సిన అవసరం ఎవరికి వచ్చిందో నాకు తెలియదు.

సెప్టెంబర్ చివర ఒక రోజు ఆయన వెంట కొండకు వెళ్లాను. బయల్దేరే ముందు ఇనప రేకుతో చేసిన జింక బొమ్మ మీద వంద గజాల నుంచి రెండు సార్లు కాల్చి చూసుకున్నాడు. తర్వాత ఐదు గంటల నడక. చివరి ముప్పావు గంట పొట్ట మీదే పాకాం. హెదర్ పొదలు, వాటి కింద నల్లటి పీట్ బురద. మోచేతుల నుంచి చొక్కా లోపలికి చల్లటి నీళ్లు. నూట అరవై గజాల్లో కొమ్ములు సరిగా పెరగని ముసలి మగజింక పక్కకు తిరిగి నిలబడేదాకా ఆగాడు. దెబ్బ వినపడగానే నేను ఉలిక్కిపడ్డాను, ఆయన పడలేదు. కంటి నుంచి తుపాకి తీయకుండానే బోల్టు లాగి తోశాడు. జింక ఒక్కసారి వీపు వంచి ముప్పై అడుగులు పరుగెత్తి, ముందు కాళ్లు మడిచి కూలిపోయింది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఆయన జింక దగ్గరికి వెళ్లాడు. నేను తడి నాచులో ఖాళీ కేసు కోసం వెతికాను. దొరికేసరికి ఇంకా గోరువెచ్చగా ఉంది, కాలిన మందు ఘాటు వాసన. ఆ సాయంత్రం దీపం కింద పెట్టి చూశాను. మెడ చుట్టూ మాత్రం మసి పట్టింది. భుజం దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. దాని కింద ఇత్తడి కడిగినట్టు తళతళలాడుతోంది. 3,900 బార్లను మెడ ఆపిన చోటు అదే.

ఇంటికొచ్చాక కోయని విడి బుల్లెట్ ఒకదాన్ని ఆ మెడలో పెట్టి చూశాను. కాల్చక ముందు దాన్ని పట్టుకుని లాగినా రానంత బిగువున్న మెడ. ఇప్పుడు ఏ అడ్డూ లేకుండా లోపలికి జారింది. తలకిందులు చేస్తే బల్ల మీద టక్కున పడింది.